నాలుగంగుళాలు

ముత్తుకూరు రోడ్డులో మా రొయ్యల ఫ్యాక్టరీ.
మూడో నంబరు డాక్ దగ్గర
గోడ పెదవి పగిలి ఏడాదైంది.
లోపలి కమ్ములు తుప్పు పళ్లు బయటపెట్టి
వచ్చేపోయే బండ్లను చూసి నవ్వుతుంటాయి.
కంటెయినరు వెనక్కొచ్చి ఆనిన ప్రతిసారీ
ఆఫీసు బల్ల మీద టీ గ్లాసు వేలెడు జరుగుతుంది.
మేనేజరుకు ఏడాదిగా గోడ కనపడలేదు,
గ్లాసు కనపడింది.
"బంపర్లు చూడు పెంచలయ్యా, నీకు తెలుసుగా."

నాకు తెలిసింది పాత టైర్లు.
పద్దెనిమిదేళ్ల కింద
లారీ టైర్లు కోసి గొలుసులకు కట్టింది నేనే.
ఎండకు బీటలిచ్చాయి, ఉప్పుగాలికి గొలుసు తెగింది.
ఊడిపడిన దాంట్లో వాననీళ్లు నిలిస్తే
కప్ప ఒకటి కాపురం పెట్టింది.

చెన్నై నుంచి వచ్చిన కుర్రాడు
బల్ల మీద మూడు ముక్కలు పెట్టాడు.
ఒకటి అచ్చులో పోసిన నల్ల దిమ్మ,
గోరు గుచ్చితే గోరే వంగింది.
ఒకటి టైరు ముక్కలు పక్కపక్కన పేర్చి
కడ్డీతో బిగించింది.
మన పాత టైరే, పట్నంలో చదువుకొచ్చినట్టుంది.
మూడోది మొహాన ఉక్కు రేకు వేసుకుంది.

మేనేజరు ధరలు చూశాడు.
నేను బయటికెళ్లి బండిని చూశాను.
కాడి చూసి ఎద్దును కొంటామా?
మెడ చూసి కాడి చెక్కుతాం.

పెట్టెలు ఎక్కేకొద్దీ బండి కుంగుతుంది.
ఫోర్కులిఫ్టు లోపలికి పోతే దిగుతుంది, వస్తే లేస్తుంది,
నిద్రలో ఊపిరి తీసే గేదె డొక్కలా.
గోడకానిన వీపు
కిందికీ పైకీ, కిందికీ పైకీ.
వట్టి రబ్బరు దానికి
కోరాం మీద కొబ్బరి చిప్ప.
గుద్దు కాదు సారూ చంపేది, రుద్దుడు.
మూడో నంబరుకు ఉక్కు మొహందే కావాల.
ఐసు బండ్లొచ్చే ఒకటో నంబరుకు
ఆ చదువుకున్న టైరు చాలు.

"మందం?" అన్నాను.
"నాలుగంగుళాలు. కావాలంటే ఆరు.
అంతకు మించితే పలక బండికి అందదు."

ఆ మాట దగ్గర నా పెన్ను ఆగింది.

పోయిన వానల్లో, ఇంకా తెల్లారలేదు,
కస్తూరమ్మ కిందపడిన రొయ్యలు ఏరను
గోడకీ బండికీ నడుమ దిగింది.
గురవయ్య అద్దం పక్కన నిలబడి
"రానీ... రానీ..." అంటుండాడు.
"హోల్డాన్" అన్నది వాడు కాదు,
పైన పెట్టెలు సర్దే ఆడోళ్లు, అందరూ ఒక్క గొంతుతో.
ఆమె బయటపడింది.
తట్ట పడలేదు.
అల్యూమినియం తట్ట, గోడకంటుకుని అప్పడమైంది.
రెండు రోజులు సుత్తితో కొట్టి కొట్టి
మళ్లీ తట్ట చేసుకుంది.
ఇప్పటికీ దాంతోనే వస్తుంది,
నేల మీద పెడితే ఒక పక్కకు ఒరుగుతుంది.

"మనిషి మందాన చేస్తారా అబ్బయా?"
కుర్రాడు నవ్వాడు.
నా మొహం చూసి ఆపేశాడు.
మర్యాదకు కేటలాగు చివరి పేజీ దాకా తిప్పాడు.

ఆర్డరు కాగితం అడుగున నా చేత్తో రాశాను:
పసుపు రంగు రెండు డబ్బాలు, ఈల ఒకటి.
"బంపర్ల బిల్లులో ఈలేందయ్యా?"
"దానికి మందం లేదు సారూ, ఎక్కడైనా పడుతుంది."

మంగళవారం బిగించాం.
పై అంచు గచ్చుతో సమానం,
ఎనిమిది బోల్టులు, రెండు చేతుల్నిండా బొబ్బలు.
మొదటి బండి వెనక్కి తిరిగింది.
ఈల కస్తూరమ్మ మెడలో ఉండాది.
వంగి ఇటు చూసింది, అటు చూసింది,
పసుపు గీత దాటి ఎవరన్నా ఉన్నారా అని
ఇంకోసారి చూసింది.
డ్రైవరు హారను కొట్టాడు. కొట్టుకోనీ.
ఆమె ఊదినాక కదిలింది బండి.

ఆనింది. చప్పుడు లేదు.
గ్లాసు కదల్లేదని చెప్పను
మేనేజరు అంత దూరం నడిచొచ్చాడు.
నేను గచ్చు మీద బోర్లాపడుకుని తొంగిచూశాను.
నాలుగంగుళాల చీకటి.
అడుగున ఒక రొయ్య,
ఎవరూ ఏరనిది.